కొత్త దస్త్రము ఎట్లు పుట్టును?

1984వ సంవత్సరమున పట్వారీ వ్యవస్థ రద్దగువరకు, జిన్నారం వంటి గ్రామములలో భూమి లెక్క పట్వారీ చేతి పహాణీలో ఉండెడిది. కొత్త పట్టాదారు పేరు ఎక్కినదో లేదో వ్రాసినవాడు కన్నులారా చూచుకొనెడివాడు. అదే లెక్క కంప్యూటరులోనికి పోయినపుడు, దూరమునుండి పంపిన మాటతో కొత్త దస్త్రము ఎట్లు పుట్టును అను ప్రశ్న బయలుదేరినది.

1991 నాటికి టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి వెబ్ నియమావళిలో ‘గెట్’ అను ఒక్క ఆజ్ఞయే ఉండెడిది. దానితో ఉన్న పుటను తెచ్చుకొనవచ్చును గాని కొత్తది సృష్టింప వీలులేదు. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రమున ‘పోస్ట్’ ఆజ్ఞయు, ‘సృష్టింపబడినది’ అని తెలుపు 201 అను సంఖ్యయు చోటుచేసుకొన్నవి. ‘పుట్’ అను మరియొక ఆజ్ఞ 1997 నాటి 1.1 పత్రమున స్థిరపడినది.

ఈ రెంటికి భేదమేమి? పుట్‌లో దస్త్రపు చిరునామాను పంపువాడే చెప్పును. ఎన్నిమార్లు పంపినను ఫలితమొక్కటే. పోస్ట్‌లో సాధారణముగా చిరునామాను సర్వరు నిర్ణయించును. రెండుమార్లు పంపినచో రెండు దస్త్రములు పుట్టవచ్చును.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణియు, దాని స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతియు వచ్చినవి. జిన్నారం రైతు ఒకడు ఇట్టి వ్యవస్థలో దరఖాస్తు పంపిన క్షణమున కనెక్షను తెగినదనుకొందము. జవాబు రాలేదని మీట మరల నొక్కినచో ఒకే భూమికి రెండు దరఖాస్తులు పుట్టు ప్రమాదము కలదు. అందుచే జాగ్రత్త గల నిర్మాతలు ప్రతి దరఖాస్తునకు ముందే ఒక ప్రత్యేక సంఖ్యను జతచేయుదురు. అదే సంఖ్య మరల వచ్చినచో సర్వరు కొత్తది సృష్టింపక పాత జవాబునే ఇచ్చును. కొత్త పంక్తి వ్రాయుటకు ముందు సర్వే నంబరు వెదకి చూచుట వంటిదే ఈ ఉపాయము.