దళం వీడిన తరువాతి స్వరాజ్యం

మల్లు స్వరాజ్యం పేరు వినగానే 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం, భుజాన తుపాకీ మాత్రమే తలపుకు రావడం పరిపాటి అయింది గాని, 1931లో నేటి సూర్యాపేట జిల్లా కరివిరాల కొత్తగూడెంలో మొదలై 2022లో ముగిసిన ఆ జీవితంలో ఆయుధం పట్టిన కాలం కొద్దిపాటిదే.

భూస్వామి ఇంట పుట్టిన ఆమెను ఉద్యమంలోకి తెచ్చింది వెట్టి, అంటే దొరలకూ సర్కారు అధికారులకూ ఊరివారు కూలి లేకుండా విధిగా చేయవలసిన చాకిరీ. భాషా సాంస్కృతిక వేదికగా పుట్టి 1940లలో రైతుకూలీల పక్షాన నిలిచి, పల్లెవాసుల నోట ఉత్త ‘సంఘం’గా మిగిలిన ఆంధ్ర మహాసభ ఆ వెట్టిని ఎదిరించినప్పుడు, అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి బాటలో ఆమె బాల్యం దాటకముందే నడిచారు, సొంత ఇంటి ధాన్యాన్నే కూలీలకు పంచడంతో తన పని మొదలైందని తరువాతి కాలంలో చెప్పుకున్నారు. నాట్లలోనూ బతుకమ్మ ఆటలోనూ ఆడవాళ్లు పాడుకునే ఉయ్యాల పాటల వరుసలోనే దొరల దౌర్జన్యాన్ని కట్టి పాడడం వల్ల, అక్షరం రాని శ్రోతకు కూడా సంఘం మాట కొత్తగా తోచలేదు. ఆమె రాజకీయ శక్తికి తుపాకీ కంటే ఈ గొంతే మూలమనడం అతిశయోక్తి కాదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం లొంగిపోయిన తరువాత కూడా కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని కొనసాగించడంతో, దళాలు, అంటే కొద్దిమంది సాయుధులుండే సంచార జట్లు, అడవుల్లోకి తరలాయి. అజ్ఞాతంలో రాజక్కగా తిరిగిన ఆమె తలకు ప్రభుత్వం 10,000 రూపాయల వెల కట్టింది.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగాక, దళాలలో పనిచేసిన స్త్రీలలో చాలామంది తిరిగి ఇంటి పనికే పరిమితమయ్యారు. పురుష నాయకుల పేర్లతో నిండిన చరిత్రలకు ఈ సంగతి పట్టలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీలు స్వయంగా నోరు విప్పేదాకా, వారి నిరాశ గ్రంథస్థమైనది స్వల్పం. ఆ సంపుటంలో స్వరాజ్యం కథనం కూడా ఉంది. అయితే ఆమె మాత్రం రాజకీయాలను వీడలేదు. 1954లో సహచర ఉద్యమకారుడు మల్లు వెంకటనర్సింహారెడ్డిని పెళ్లాడి, పార్టీ చీలిక తరువాత మార్క్సిస్టు పక్షాన నిలిచి, 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మహిళా సంఘంలో దీర్ఘకాలం పనిచేసిన ఆమె, 1990ల తొలి సంవత్సరాలలో పల్లె స్త్రీలు సారా దుకాణాలను మూయించడానికి లేచినప్పుడు అరవై ఏళ్ల వయసులో వారి సభలకు వెళ్లి మాట్లాడారు.