తాడు ముందే చెబుతుంది

కోలారు బంగారు గనుల గురించి ఎవరు రాసినా బంగారం ఎంత దొరికిందో, ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా ఎలా లోతుకు పోయిందో రాస్తారు. అంత లోతుకు మనుషులను దించి, రాయిని పైకి లాగిన ఇనుప తాడు గురించి మాత్రం ఎవరూ రాయరు. అందుకే నేను దాని చరిత్ర రాస్తున్నాను.

200 ఏళ్ళ కిందట యూరప్ గనుల్లో నార తాడో, ఇనుప గొలుసో వాడేవారు. నార తాడు తడికి కుళ్ళిపోయేది. గొలుసు గట్టిదే కానీ దానికొక చెడ్డ గుణం ఉంది. వెయ్యి లింకులు బాగుండి ఒక్కటి తెగినా బరువంతా కిందికే. పైగా ఆ ఒక్కటీ తెగేదాకా బాగానే కనబడుతుంది.

జర్మనీలో హార్జ్ కొండల్లో క్లౌస్తాల్ అనే గనుల ఊరు ఉంది. అక్కడ విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఉండేవాడు. ఆయన చదివింది న్యాయశాస్త్రం, చేసింది ఇనుము పరీక్షలు! 1829లో ఆయన గొలుసుల మీద ఒకే బరువును మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. ఒకసారి సులువుగా మోసే బరువునే వేలసార్లు మోస్తే ఇనుము కూడా అలసిపోయి తెగుతుందని అప్పుడు తెలిసింది.

1834లో ఆయన కొత్త తాడు చేయించాడు. నాలుగు తీగలు మెలేస్తే ఒక పాయ, అలాంటివి మూడు పాయలు, మొత్తం 12 తీగలు. జడకు కూడా మూడు పాయలే కానీ ఇది అల్లిక కాదు, మెలిక. ఇందులో ఒక తీగ తెగితే మిగిలిన 11 బరువు మోస్తాయి. తెగిన కొన ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది. తాడు తెగబోయే ముందే మనకు చెబుతుందన్నమాట. ఆల్బర్ట్ చేసిన పనిలో నాకు గొప్పగా అనిపించింది ఇదే. అయితే చెప్పేది వినడానికి రోజూ ఒక మనిషి ఉండాలి కదా!

మా ఊళ్ళో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల పని మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత మా తాత తాళ్ళు చూసే గుంపులో పనిచేశారు. గనుల చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం మనుషులను దించే తాడును 24 గంటలకు ఒకసారైనా చూడాల్సి ఉండేది. తాడును మెల్లగా నడిపిస్తూ కాటన్ వేస్ట్‌ను దానికి వదులుగా ఆనించి పట్టుకునేవారట. ఎక్కడైనా పీచు చిక్కుకుంటే అక్కడ తీగ తెగినట్టే. (ఇప్పుడు అలా చేయొద్దంటారు. నడుస్తున్న తాడు దగ్గర చెయ్యి పెడితే వేళ్ళు పోతాయి.)

ఆరు నెలలకోసారి కేజ్‌ను తగిలించే కొన దగ్గర తాడును కొన్ని అడుగులు కోసేసి, మళ్ళీ కొత్తగా క్యాప్ బిగించేవారు. మంచి తాడును ఎందుకు కోయడం అని అడిగాను. కేజ్ కదిలినప్పుడు, ఆగినప్పుడు కుదుపంతా ఆ కొన మీదే పడుతుందట. నీళ్ళు దిగేదీ అక్కడికేనట. కోసిన ముక్కను పాయలు విప్పి చూస్తే పైన గ్రీజుతో నిగనిగలాడేది, లోపల ఎర్రగా తుప్పు ఉండేది. "పైన మెరిసేదాన్ని నమ్మొద్దు పాపా, విప్పి చూడల్ల" అంటారు తాత.

ఫ్యాక్టరీలకు వేరే చట్టం ఉండేది. 1948 చట్టం ప్రకారం లిఫ్టులను, హాయిస్టులను 6 నెలలకు ఒకసారి, క్రేన్లను, గొలుసులను, తాళ్ళను 12 నెలలకు ఒకసారి తెలిసినవాళ్ళు పూర్తిగా పరీక్షించాల్సి ఉండేది. ఎంత బరువు మోయవచ్చో కూడా రాసి ఉండాలని ఆ చట్టం చెప్పేది. చట్టం మంచిదే. కానీ గొలుసు చెడిపోవడానికి 12 నెలలు అక్కర్లేదు, ఒక్క రోజు ఎక్కువ బరువు ఎత్తినా చాలు. మధ్యలో ఉన్న 364 రోజులూ చూసేది ఎవరు?

ఇది మా ఇంటి ప్రశ్న కూడా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మా ఊరివాళ్ళు చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. మా నాయన కూడా అంతే. ఆయన పనిచేసే గోడౌన్‌లో గొలుసు హాయిస్టుతో పెట్టెలు ఎత్తుతారు. రోజూ చూసినట్టు టిక్కు పెట్టే రిజిస్టరు ఒకటుంది. ఒకసారి నెల మొదటి తారీఖునే 30 టిక్కులూ పెట్టేసి ఉన్నాయట! ఆ మాట విని తాత ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత తాత నాయనకు హుక్కును ఎలా చూడాలో చెప్పారు. మంచి హుక్కు చటుక్కున విరగకుండా, బరువు ఎక్కువైతే ముందు నోరు తెరుచుకునేలా చేస్తారు. అంటే ఇదీ తాడు లాగే ముందు చెబుతుంది. నాయన కొత్త హుక్కు నోటి వెడల్పుకు సరిగ్గా ఒక రేకుముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. పొద్దున్నే దాన్ని హుక్కు నోట్లో పెట్టి చూస్తారు. వదులుగా ఆడితే ఆ రోజు ఆ హుక్కుకు బరువు తగిలించరు. ఆలస్యమవుతోందని సూపర్‌వైజరు రెండుసార్లు గొడవపడ్డాడు. మూడోసారి రేకుముక్క తనే తీసుకుని పెట్టి చూశాడు. మరుసటి వారం కొత్త హుక్కు వచ్చింది.