స్త్రీలు – చిన్న తుపాకి

మా హోసూరు, కృష్ణగిరి సీమకు తుపాకి క్రొత్తది కాదు. కృష్ణగిరి కొండకోట కొఱకు కంపెనీవారును హైదరాలీయు 1767లోనే పెనగులాడిరి. 1792 శ్రీరంగపట్టణ సంధితో బారామహలు కంపెనీ వశమయ్యెను. అయితే ఆ చరిత్రలో తుపాకి పట్టినది పురుషులే. అది స్త్రీల చేతికి ఎట్లు వచ్చెనో, వినోదమునకై గుఱి నేర్వగోరు మన యాడపడుచులు ఎట్టిదానిని ఎన్నుకొనవలెనో ఇచట కొంత వ్రాయుచున్నాము.

1878 ఆయుధ చట్టముతో, లైసెన్సు లేనిదే భారతీయులు తుపాకి యుంచుకొనరాదని ఆంగ్ల ప్రభుత్వము శాసించెను. (ఆ యేడే హోసూరు దాపున తొరపల్లిలో రాజాజీ జన్మించిరి.) స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948లో ఎన్.సి.సి., 1949లో దాని బాలికల విభాగము ఏర్పడెను. సామాన్య కుటుంబముల బాలికలు పెక్కుమంది .22 తుపాకిని తొలిసారి ముట్టినది అచ్చటనే. దాని గొట్టము 5.6 మిల్లీమీటర్లు, భుజమునకు తగులు తోపు అత్యల్పము.

కాని ఆ తుపాకులు లీ ఎన్‌ఫీల్డు సైనిక తుపాకి అచ్చున చేయబడినవి. బరువు ఇంచుమించు 4 కిలోలు. 1980 ప్రాంతమున మా చెల్లెలు కళాశాలలో దానిని పట్టినది. భుజమున కానించు కొయ్య ఆమె చేతికి మిక్కిలి పొడవు. వెనుకకు వాలి కాల్చగా గుండ్లు చెదరిపోయెను. ఆడపిల్లలకు గుఱి కుదురదని నవ్వి మాన్పించినవారము మేమే. తప్పు కొయ్యదని అప్పుడు తోచలేదు.

నిజమునకు అంతకు ముందే, 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో, పురుషులతో కలిసి చిన్న తుపాకి పోటీలో నిలిచిన మార్గరెట్ మర్డాక్ ప్రథమునితో సమాన గుణములు పొంది రజతము గైకొనెను. స్త్రీలకు వేఱు పోటీలు 1984లో వచ్చినవి. మన దేశమున రూపా ఉన్నికృష్ణన్ 1998 కామన్వెల్తు క్రీడలలో ఈ .22 తుపాకితోనే స్వర్ణము గెలిచెను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు సిఫ్త్ కౌర్ సమ్రా 50 మీటర్ల పోటీలో 469.6తో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ అచ్చటనే పిస్తోలుతో పతకములు తెచ్చెను.

ఎన్నుకొనునపుడు మొదట చూడవలసినది ధర కాదు, కొయ్య పొడవు. తుపాకి భుజమున కానించినపుడు మెడ చాపకయే చెంప కొయ్యపై ఒదుగవలెను, వ్రేలు శ్రమ లేక ట్రిగ్గరును అందుకొనవలెను. కొయ్య పొడవు, చెంపదిమ్మ యెత్తు మార్చుకొన వీలున్నది మేలు. కొన గొట్టము బరువైనచో నిలుచుండి కాల్చుట కష్టము. కన్నును కూడ పరీక్షింపవలెను: రెండు చేతుల సందున కృష్ణగిరి కొండకొనను చూచి, ఒక్కొక్క కన్ను మూయుడు. ఏ కన్ను తెఱచియున్నపుడు కొండ కదలక నిలుచునో అదియే గుఱి కన్ను. అది యెడమదైనచో ఎడమచేతి తుపాకియే కొనవచ్చును, సిగ్గుపడ నక్కఱలేదు.

.22కు లైసెన్సు కావలెను. వయస్సు 21 నిండవలెను. .177 గొట్టము గలిగి 20 జూళ్లు మించని గాలితుపాకికి అది యక్కఱలేదు గనుక దానితో ఆరంభించుట సుకరము. తుపాకి నింపియున్నదో లేదో తెలియనపుడు నింపియున్నదనియే యెంచుడు.

మా మనుమరాలు అట్లే గాలితుపాకితో ఆరంభించినది. శిక్షకుడు మొదటి దినమున కొయ్య తగ్గించి యిచ్చెను. పోయిన పండుగకు వచ్చిన మా చెల్లెలు దానిని భుజమున కానించి చాలసేపు నిలుచుండెను. సరిపోయినదా యని యడిగితిమి.

"సరిపోయింది అన్నా" అనెను.