సరిహద్దు దాటని రికార్డులు

బ్రిటన్‌లో ఎయిర్ కేడెట్లుగా చేరిన పిల్లలకు శిక్షణ ఇవ్వడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చేవారు నేరచరిత్ర తనిఖీ కోసం ఒక దరఖాస్తు నింపాలి. గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో, మధ్యలో ఖాళీ రాకుండా అందులో రాయాలి. లీడ్స్‌లో ఉన్న రెండేళ్ల సంగతి అక్కడి పోలీసులు తమ దస్త్రాలు చూసి చెబుతారు. అంతకుముందు మూడేళ్లు దుబాయ్‌లో గడిపి ఉంటే? ఆ చిరునామా కూడా దరఖాస్తులో ఉంటుంది. కానీ ఈ తనిఖీ చేసే సంస్థకు విదేశీ నేర రికార్డులు చూసే వీల్లేదు. ఆ మూడేళ్ల గురించి కేడెట్ సంస్థే విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఈ లోటు ఈనాటిది కాదు. పిల్లల దగ్గరికి వచ్చే పెద్దల గతం అడగాలన్న ఆలోచనే ఆలస్యంగా పుట్టింది. బ్రిటన్‌లో కేడెట్ దళాలు 1850ల చివర, 1860లలో మొదలయ్యాయి. లండన్ పేదవాడల్లో పనిచేసిన సంఘసేవకురాలు ఆక్టేవియా హిల్ 1889లో సదర్క్‌లో కేడెట్ దళం పెట్టించారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1941 ఫిబ్రవరి 5న ఎయిర్ ట్రైనింగ్ కోర్ ఏర్పడింది. నడిపే పెద్దమనిషి ఊళ్లో అందరికీ తెలిసినవాడైతే చాలనుకునే రోజులవి.

1980ల మధ్యలో మార్పు మొదలైంది. పాత నేరాలున్న ఒక వ్యక్తి పిల్లలతో పనిచేయగలిగాడని ఓ చిన్నారి హత్య కేసులో బయటపడింది. 1986లో హోం శాఖ సర్క్యులర్ ఇచ్చి, పిల్లలతో పనిచేసే స్థానిక సంస్థల సిబ్బందికి పోలీసు తనిఖీ పెట్టింది. స్వచ్ఛంద సంస్థల వంతు తర్వాత గానీ రాలేదు. 1997 పోలీసు చట్టం ఆధారంగా క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో పని మొదలుపెట్టింది 2002 మార్చిలో.

ఐదు నెలలు తిరక్కుండానే సోహమ్‌లో ఇద్దరు పదేళ్ల బాలికలు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇయాన్ హంట్లీ ఓ బడిలో కేర్‌టేకర్. అంతకుముందు హంబర్‌సైడ్ ప్రాంతంలో ఉన్నప్పుడు అతని మీద లైంగిక నేరాల ఆరోపణలు పలుమార్లు వచ్చాయి, ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు. కేంబ్రిడ్జ్‌షైర్‌కు మారి, ఇంటిపేరు మార్చి ఉద్యోగం సంపాదించాడు. పాత జిల్లా పోలీసులకు తెలిసిన సంగతి కొత్త జిల్లాకు చేరలేదు. ఒకే దేశంలో, రెండు పోలీసు దళాల మధ్య జరిగిందిది. సర్ మైకేల్ బిచర్డ్ 2004లో ఇచ్చిన విచారణ నివేదిక ఈ లోపాలను వరసగా ఎత్తిచూపింది. దాని ఫలితంగా, పిల్లలతో పనిచేయదగనివారిని దూరంగా ఉంచే చట్టం 2006లో వచ్చింది. 2012 డిసెంబరులో క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో, ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థ కలిసి డీబీఎస్ (డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్) అయ్యాయి. మొదట చెప్పిన తనిఖీ చేసేది ఇదే. స్వచ్ఛంద సేవకులకు ఈ తనిఖీ ఉచితం.

హంట్లీకి అంతకుముందు ఏ ఆరోపణలోనూ శిక్ష పడలేదన్న సంగతి ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. డీబీఎస్ ఉన్నతస్థాయి ధ్రువపత్రంలో శిక్షలతో పాటు, పోలీసు అధికారి సంబంధం ఉందని భావించిన ఇతర సమాచారం కూడా చేర్చవచ్చు. విదేశాల నుంచి తెచ్చే సర్టిఫికెట్లు చాలావరకు అంత దూరం పోవు. మన పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పీసీసీనే (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) చూడండి. విదేశాల్లో ఉద్యోగానికో, దీర్ఘకాలిక వీసాకో, స్థిరనివాసానికో వెళ్లేవారి కోసం ఏర్పాటైన కాగితమది. దరఖాస్తు పెడితే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, కానిస్టేబుల్ చిరునామా సరిచూస్తాడు, కేసులేమీ లేకపోతే రిపోర్టు పైకి వెళుతుంది. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లి వారాంతాల్లో కేడెట్లకు పాఠం చెప్పాలనుకునే ఇంజినీరు చేతిలో సాధారణంగా ఉండేది ఇదే. ఇతను పిల్లల దగ్గర ఉండదగినవాడా అన్న ప్రశ్న ఆ తనిఖీలో ఎవరూ వేయరు.

నేరచరిత్ర దానంతటది సరిహద్దు దాటదన్న పాఠం ఐరోపాకు మరింత ఘోరంగా అందింది. మిషెల్ ఫూర్నిరేకు 1987లో ఫ్రాన్స్‌లో లైంగిక నేరాలకు శిక్ష పడింది. తర్వాత సరిహద్దు దాటి బెల్జియంలో కాపురం పెట్టాడు. 2003లో పట్టుబడే దాకా హత్యలు చేస్తూనే పోయాడు. పిల్లలతో పనిచేయకుండా ఒక దేశంలో పడిన నిషేధం మిగతా దేశాల్లోనూ చెల్లాలని మరుసటి ఏడాది బెల్జియం ప్రతిపాదించింది. సభ్యదేశాల నేర రికార్డులను కలిపే వ్యవస్థ 2012 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. 2020 చివర బ్రిటన్ దాని నుంచి బయటికొచ్చి, వేరే ఒప్పందం కింద సమాచారం ఇచ్చిపుచ్చుకుంటోంది.

బ్రిటన్ కేడెట్ దళాల్లో నేరచరిత్ర తనిఖీతో పాటు రెండో తనిఖీ కూడా ఉంది. ఈ పెద్దలు సైనిక స్థావరాల్లోకి వెళతారు, ఆయుధాలున్న చోట తిరుగుతారు. అందుకే ప్రభుత్వ ప్రాథమిక భద్రతా ప్రమాణం వీరికీ వర్తిస్తుంది. గత మూడేళ్లలో ఆరు నెలలు, అంతకుమించి విదేశాల్లో ఉంటే, ఆ కాలానికి నమ్మదగిన వివరణ ఇవ్వాలి. విదేశంలో కొన్నేళ్లు పనిచేసి సొంతూరికి తిరిగొచ్చిన బ్రిటిష్ పౌరుడికీ ఇదే నిబంధన. చిన్నప్పుడు తాను కేడెట్‌గా ఉన్న స్క్వాడ్రన్‌లోనే సేవ చేయాలని వచ్చినవాడి మనసును ఇది నొప్పించవచ్చు. అయినా ఆ ప్రశ్న అడగాల్సిందే.

ఎందుకంటే ప్రమాదం ఊహ కాదు. అంతకుముందు ఐదేళ్లలో బ్రిటన్ కేడెట్ దళాల్లో పాతవీ కొత్తవీ కలిపి 363 లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయని 2017లో బీబీసీ పనోరమా బయటపెట్టింది. ఆస్ట్రేలియాలోనూ పిల్లలపై లైంగిక వేధింపులను విచారించిన రాయల్ కమిషన్ 2016లో రక్షణ శాఖ కేడెట్ల అనుభవాలను బహిరంగ విచారణలో విన్నది.

మన దగ్గర ఎన్‌సీసీ 1948 చట్టంతో ఏర్పడింది. పాఠశాల, కళాశాల అధ్యాపకులే అసోసియేట్ అధికారులు కావడంతో బయటివారి తనిఖీ ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. ఆ పేరు వాడుకున్నవారు మాత్రం వచ్చారు. 2024 ఆగస్టులో తమిళనాడులో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న కృష్ణగిరి జిల్లాలో, ఓ ప్రైవేటు బడిలో నకిలీ ఎన్‌సీసీ శిబిరం పెట్టి బాలికల మీద అఘాయిత్యం చేశారన్న కేసు బయటపడింది. ఆ శిబిరంతో తమకు సంబంధం లేదని ఎన్‌సీసీ ప్రకటించాల్సి వచ్చింది. పిల్లలతో మెలిగే సంస్థలు సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నిబంధనలు అప్పటికే చెప్పి ఉన్నాయి. కానీ అవి ఉద్యోగుల గురించి మాట్లాడాయి. నాలుగు రోజుల శిబిరానికి యూనిఫాం వేసుకుని వచ్చేవారి కాగితాలు చూడాల్సింది ఎవరో అవి అంత స్పష్టంగా చెప్పలేదు. విదేశాల నుంచి తిరిగొచ్చి ఊళ్లో బడికి ఉచితంగా క్రీడలో, కవాతో నేర్పుతామనేవారి విషయంలోనూ అంతే. వారుండి వచ్చిన దేశం నుంచి పోలీసు ధ్రువపత్రం, అక్కడ పనిచేసిన సంస్థ నుంచి ఫోన్‌లో సరిచూసుకున్న సిఫార్సు అడగడం హెడ్మాస్టరు చేయగలిగిన పనే. అవి చేతికొచ్చే దాకా ఆ మనిషిని పిల్లలతో ఒంటరిగా వదలకుండా, పక్కన ఒక టీచరును ఉంచితే సరిపోతుంది.