భాష సగమే వచ్చినా చరిత్ర రాయొచ్చు: కయోవా రచయిత మోమడే



"మన భాషే పూర్తిగా రానప్పుడు మన చరిత్ర మనమెట్లా రాస్తాం?" అని మనలో చాలామందిమి వెనక్కి తగ్గుతాం. అమెరికాలోని కయోవా తెగ రచయిత ఎన్. స్కాట్ మోమడే జీవితం చూస్తే ఆ సంకోచం పోతుంది.

ఆయన 1934లో ఓక్లహోమాలో పుట్టారు. నాన్న కయోవా చిత్రకారుడు, అమ్మ రచయిత్రి. ఇద్దరూ ఆదివాసీ పిల్లలకు చదువు చెప్పిన టీచర్లే. మోమడేకి ఇంగ్లీషే అలవాటైంది, కయోవా ధారాళంగా రాలేదు.

1968లో తొలి నవల 'హౌస్ మేడ్ ఆఫ్ డాన్' వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఊళ్లోనూ పట్నంలోనూ ఇమడలేని ఏబెల్ అనే ఆదివాసీ యువకుడి కథ అది. 1969లో దానికి పులిట్జర్ బహుమతి దక్కింది.

మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది 1969లో వచ్చిన 'ద వే టు రెయినీ మౌంటెన్' గురించి. చిన్న పుస్తకమే. అందులో మూడు గొంతులు పక్కపక్కనే నడుస్తాయి: పెద్దలు చెప్పిన కథ, చరిత్ర రికార్డు, రచయిత సొంత జ్ఞాపకం. పెద్దల కథలు ఆయనకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది నాన్నే. బొమ్మలూ నాన్నే వేశారు.

ఆయన నానమ్మ పేరు ఆహో. కయోవాల చివరి సూర్య నృత్యం 1887లో జరిగినప్పుడు ఆమె చిన్నపిల్ల. 1890లో మళ్లీ చేయబోతే ఫోర్ట్ సిల్ సైనికులొచ్చి ఆపేశారు. సర్కారు లెక్కలో అదొక నిషేధం, అంతే. ఆ ఇంటికి మాత్రం అది దేవుడి దగ్గరికి పోయే దారి మూసుకుపోవడం. రికార్డు ఒక్కటే ఉంటే ఈ రెండో మాట మనకు తెలిసేదే కాదు.

1976లో జ్ఞాపకాల పుస్తకం 'ద నేమ్స్', కవితలు 'ద గోర్డ్ డాన్సర్' వచ్చాయి. 2024 జనవరిలో, 89 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇక మన సంగతి. లింగో కథను ప్రధాన్‌లు తరతరాలుగా పాడుతూ కాపాడారు. ఆదిలాబాద్ గోండుల గురించి హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1948లోనే వచ్చింది. అంటే పాట ఉంది, రికార్డూ ఉంది. తక్కువైంది మూడో గొంతు, అది మనదే.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. అవ్వనో తాతనో అడిగి, వాళ్ల మాటను వాళ్ల భాషలోనే ఫోన్‌లో రికార్డు చేద్దాం. ఊరు, తేదీ రాసి పెడదాం. అర్థం కాని మాటలు పెద్దలను అడుగుదాం. మన జ్ఞాపకం వేరుగా రాద్దాం, వాళ్ల మాటలో కలపొద్దు.

భాష పూర్తిగా వచ్చేదాకా ఆగుదామంటే, చెప్పేవాళ్లు మన కోసం ఆగరు.