కంటకసేల ఇటుకలు ఎవరు కాల్చారు?

ఘంటసాల అనగానే చాలామందికి పాట గుర్తొస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలెమీకి మాత్రం అదొక వర్తక రేవు. మైసోలస్ నది, అంటే మన కృష్ణ, దాని ప్రాంతంలో ఆయన పేర్కొన్న కొంటకొస్సైలా ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి ప్రాకృత శాసనాల్లో దీని పేరు కంటకసోల. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసేల. ఇక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానని అందులో ఆమె చెప్పుకుంది. అది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం. ఒక స్త్రీ తన పేరుతో, తన సొమ్ముతో కట్టించి రాయించుకున్న మాట అది.

మన పుస్తకాలు ఘంటసాల స్తూపాన్ని అలెగ్జాండర్ రీ తవ్వాడని రాస్తాయి. తెలుగులో 'తవ్వించాడు' అనే చక్కటి మాట ఉంది గదా! మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తు సర్వేలో పనిచేసిన రీ, భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల వివరాలు కలిపి 1894లో అచ్చువేశాడు. స్తూపం లోపల నడుమ ఇటుకల దిమ్మె, చుట్టూ వలయంగా గోడ, మధ్యలో అడ్డగోడలు, గదుల్లో మట్టి కూరిన తీరు బయటపడ్డాయి. పైనించి చూస్తే బండిచక్రమే. రాయి దొరకని డెల్టాలో అంత కట్టడం నిలవాలంటే ఇదే దారి. ఇటుక పొదుపు, బరువు సర్దుబాటు రెండూ కుదిరాయి. ఈ లెక్క తెలిసినవాడు మట్టి తొక్కినవాడే, బట్టీ పెట్టినవాడే. వాడి పేరు ఏ శాసనంలోనూ లేదు.

1850ల్లో కృష్ణ ఆనకట్ట, కాలువల మట్టిపని ఎవరు చేశారో ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు: వడ్డెరలు, మాల మాదిగ కూలీలు. నలభై ఏళ్ళ తర్వాత రీ దొర కందకాల్లో తట్ట మోసినవాళ్ళు వేరే లోకం నించి దిగి ఉండరు.

దిబ్బల్ని ముందే తవ్వినవాళ్ళు ఇంకొకళ్ళున్నారు. భట్టిప్రోలు స్తూపం పలకలు వెల్లటూరు లాకులకు పోయాయి. గుడివాడ దిబ్బ ఇటుకలు బెజవాడ-బందరు రోడ్డు కింద పడ్డాయి. సరిగ్గా ఆ కాలంలోనే హరప్పా ఇటుకల్ని లాహోర్-ముల్తాన్ రైలుకట్టకు వేశారు. 1924లో జాన్ మార్షల్ సింధు నాగరికతను ప్రకటించాక హరప్పా ఇటుక ప్రపంచానికి అపురూపమైంది. మన దిబ్బలకు ఆ యోగం పట్టలేదు. భట్టిప్రోలు స్తూపానికి జనం నోట మిగిలిన పేరు 'లంజదిబ్బ'. ఓడిన ధర్మానికి గెలిచినవాళ్ళు పెట్టిన పేరని నేననుకుంటాను. మహాచైత్యం అనే మాట ఊరి నోట ఎందుకు నిలవలేదో ఆలోచించాలి.

శాసనాల్ని రాజుల వరసకోసమే చదివితే అసలు జనం జారిపోతారు. ఘంటసాల శాసనాల్లో మహానావిక శివకుడున్నాడు, గృహపతులున్నారు. రాయి మీద పేరెక్కాలంటే దానమిచ్చే స్తోమత ఉండాలి, నిజమే. అయితే ఆ స్తోమత ఎవరెవరికి ఉండేది? కృష్ణ వెంబడి ఎగువకు వెళితే అమరావతిలో ఒక జవాబుంది. పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి చమ్మకార విధికుడి దానం. చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. తోలుపనివాడి తండ్రి పంతులు! ఈ ఒక్క పలకను పట్టుకుని అప్పుడు అంటరానితనం లేదని తేల్చెయ్యడం తొందరపాటు. ఇవాళ్టి కులాన్ని తీసుకెళ్ళి యథాతథంగా అక్కడ అతికించడమూ అంతే. కానీ వృత్తిని దాచుకోకుండా చెప్పుకున్నాడనీ, ఆ మాటను స్తూపం మీద చెక్కనిచ్చారనీ మాత్రం రాయే చెబుతోంది. దానంలో తల్లి, భార్య, అన్నదమ్ములు, కూతుళ్ళు కూడా ఉన్నారు. కొడుకు పేరు మళ్ళీ నాగుడే, తాత పేరు.