బాలబందితీగ

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి పిల్లలను బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి తీసుకొనిపోయాను. ఇసుకమీద చాపవలె పరచుకొన్న తీగను చూపి, ఒక బాలిక దాని పేరడిగింది. నాకు తెలియదు. "బాలబందితీగండీ మాస్టారూ" అన్నాడు, పల్లెకారుల ఇంటి పిల్లవాడొకడు. ముప్పదియేండ్లు తెలుగు చెప్పినవాణ్ణి, సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే దీని చరిత్ర వెదకించింది.

తమిళుల సంగసాహిత్యంలో దీని పేరు అడుంబు. కడలితీరపు ప్రేమను పాడే నెయ్దల్ కవితలలో ఇది తరచు పూస్తుంది. కుఱుందొగై 243వ పద్యంలో కవి, రెండుగా చీలిన దీని ఆకును లేడి అడుగుతో పోల్చాడు. మలయాళసీమలోనూ ఆ మాటే నిలిచింది. డచ్చి అధికారి వాన్ రీడ్ కూర్పించిన 'హోర్తుస్ మలబారికుస్' (1678–1693) గ్రంథంలో ఈ తీగ 'షోవన్న అడంబు'గా కనిపిస్తుంది. 1753లో లిన్నేయస్ దీనిని 'మేకకాలు' అనే అర్థం గల లాటిను పేరుతో నమోదు చేశాడు. 1818లో రాబర్ట్ బ్రౌన్ ఐపోమియా ప్రజాతిలో చేర్చినా, మేకకాలు మాత్రం పోలేదు. తమిళకవికి లేడి తోచినచోట ఐరోపా పండితులకు మేక తోచింది. మనవారికో? దీని మరోపేరు చెవులపిల్లితీగ. చెవులపిల్లి అంటే కుందేలే కదా!

ఇన్ని దేశాలవారు దీనిని ఎరుగుటకు కారణం దాని గింజలే. అవి ఉప్పునీటిలో తేలుతూ, చాలాకాలం మొలకెత్తే శక్తి కోల్పోక, ఉష్ణమండల తీరాలన్నింటికీ చేరాయి. పడిన ఇసుకలో తీగ కణుపుకణుపునా వేరూని పాకుతుంది. గాలికి ఎగిరే ఇసుక దాని ఆకులకు తగిలి ఆగుతుంది. అట్లా దిబ్బ నిలదొక్కుకొంటుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటిదానిని ఒక తీగ ఆపగలదని నేననను. కాని కడలికీ ఊరికీ నడుమ దిబ్బ ఉండాలంటే, మొదట ఇసుకను పట్టి ఉంచే మొక్కలుండాలి. విహారస్థలాల కోసం తీరం చదును చేసేటప్పుడు ముందుగా పీకివేసేవి వీటినే.

పేరు తెలియనిదానిని పిచ్చిమొక్క అనడం తేలిక. తమిళులకు పద్యమున్నది, మనకు ఆ పిల్లవాని నోటిమాట ఉన్నది. చదువరులారా, మీ తీరంలో దీనిని ఏమంటారో పెద్దలనడిగి వ్రాసిపెట్టుకోండి. ఆ పేరు చెప్పేవారు ఇంకా ఉన్నారు.